మొహం విలన్‌ది... ఉద్యోగం హీరోది!

ముందుగా ఓ చిన్న ప్రశ్న. 'మాయాబజార్' చూడని తెలుగువాళ్ళు ఎవరైనా వుంటారా? 1957లో విజయావారు తీసిన ఆ సినిమాలో అందరికన్నా భయంకరమైన ఆకారం ఎవరిది? చిన్నపిల్లవాడైనా ఠక్కున చెప్పేస్తాడు, ఘటోత్కచుడిదని! ఆ గద, ఆ మీసం, ఆ గుడ్లురమడం, ఆ నవ్వు... ఎస్వీ రంగారావు తెరమీదికి రాగానే హాలు దద్దరిల్లిపోవలసిందే. సరే, మరి అంతటి భీకరాకారుడు ఆ సినిమాలో చేసిన పనేమిటి? తమ్ముడు అభిమన్యుడికి, ప్రేమించిన శశిరేఖతో పెళ్ళి జరిపించడం! గుడ్లురిమింది కౌరవుల మీద. కాపు కాసింది మనవాళ్ళకి. మొహం చూస్తే విలన్, చేసే ఉద్యోగం హీరోది!

ఇలాంటి ఘటోత్కచులు రాతిలో వేలకొద్దీ వున్నారు. మన గుళ్ళ మీదా వున్నారు, సముద్రాల అవతల చర్చిల మీదా వున్నారు. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ వందల ఏళ్ళుగా డ్యూటీ చేస్తున్నారు. టైటిల్స్‌లో పేరు పడని జూనియర్ ఆర్టిస్టులన్నమాట! ఈ వారం వాళ్ళ కథ చెప్పుకుందాం.

పేరు కావాలంటే పుక్కిలించండి!

ఇంగ్లీషు దయ్యాల సినిమాలు చూసేవాళ్ళకి 'గార్గాయిల్' అనే మాట పరిచయమే. అర్ధరాత్రి. ఉరుములు, మెరుపులు. ఆ మెరుపు వెలుగులో పాతకాలం చర్చి గోడమీద నోరు తెరుచుకుని ముందుకు వంగిన రాతి మృగం ఒకటి కనబడుతుంది. కెమెరా దానిమీద రెండు క్షణాలు ఆగుతుంది. వెనకనుంచి 'ధన్'మని మ్యూజిక్! మనం సీట్లో కాస్త వెనక్కి జరుగుతాం.

తీరా ఆ మృగం చేసే ఉద్యోగం ఏమిటో తెలిస్తే నవ్వొస్తుంది. అది వాననీళ్ళ గొట్టం! ఫ్రెంచి భాషలో దాని పేరుకి మూలం 'గొంతు' అనే అర్థమే. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే గొంతులో గరగరమంటుంది చూశారూ, ఆ జాతి మాటే అది. చర్చి కప్పుమీద పడ్డ వాన, ఆ మృగం వీపుమీద తవ్విన కాలవలోకి వచ్చి, గొంతులో దూరి, నోట్లోంచి దూరంగా పడుతుంది. మెడ అంత పొడుగ్గా ఎందుకు సాచిందంటే, నీరు ఎంత దూరంగా పడితే గోడకి అంత ఆయుష్షు. నీరు గోడ వెంబడే కారితే రాళ్ళ మధ్య సున్నం కరుగుతుంది. సున్నం కరిగితే రాయి కదులుతుంది. రాయి కదిలాక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఐరోపాలో 13వ శతాబ్దం నుంచి పెద్ద పెద్ద చర్చిల మీద ఇవి వరసలు తీరాయి. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే గ్రీకుల గుళ్ళ చూరుల మీద సింహం తలలు ఇదే పని చేశాయి. ఈజిప్టువాళ్ళ గుళ్ళలోనూ సింహం బొమ్మలతో నీటి తూములున్నాయి. అంటే ఈ వేషం చాలా పాతదన్నమాట!

ఉత్త గొట్టం పెడితే చాలదా, ఈ రాక్షస మేకప్ ఎందుకు? దానికో కథ వుంది. ఫ్రాన్సులో రువాన్ అనే వూరు. ఏడో శతాబ్దంలో అక్కడి నదిలో ఓ పెద్ద డ్రాగన్ వుండేదట. నోటినిండా నీళ్ళు నింపుకుని వూరిమీద కుమ్మరించేదట, నిప్పులు కక్కేదట. రొమెయిన్ అనే సాధువు దాన్ని మచ్చిక చేసి వూళ్ళోకి లాక్కొచ్చాడు. జనం దాన్ని కాల్చేశారు. ఒళ్ళంతా కాలి బూడిదైంది గానీ తల, మెడ మాత్రం కాలలేదు. రోజూ నిప్పులు కక్కి కక్కి ఆ గొంతు మంటకి అలవాటు పడిపోయింది మరి! ఆ తలని తీసుకెళ్ళి చర్చి గోడకి తగిలించారు. నిన్న వూరిని ముంచినవాడే నేడు వూరికి కాపలా. మన సినిమాల్లో క్లైమాక్సుకి ముందు విలన్ మనసు మారదూ, అచ్చం అలాగే!

ఒక నవల నిలబెట్టిన గుడి

గార్గాయిల్ అనగానే ప్రపంచానికంతటికీ గుర్తొచ్చేది ప్యారిస్‌లోని నోటర్‌డామ్ చర్చి. 1163లో కట్టడం మొదలైన ఆ మహామందిరం, 19వ శతాబ్దం వచ్చేసరికి వెలిసిపోయి, విరిగిపోయి, పట్టించుకునే దిక్కులేక వుంది. అప్పుడు, 1831లో, విక్టర్ హ్యూగో ఒక నవల రాశాడు. ఆ చర్చిలో గంటలు కొట్టే గూనివాడు కాసిమోడో కథ. జనం ఎగబడి చదివారు. చదివి, తల పైకెత్తి ఆ చర్చిని చూశారు. 'అయ్యో, ఇలా పాడైపోతోందేమిటి!' అన్నారు. 1844లో వయొలె లె ద్యూక్ అనే వాస్తుశిల్పిని, అతని సహచరుణ్ణి పిలిచి బాగుచేసే పని అప్పగించారు. ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇక్కడో తమాషా చెప్పాలి. పోస్టుకార్డుల మీద కనబడే ఆ చెంపన చేతులు పెట్టుకుని ప్యారిస్‌ని చూస్తూ ఆలోచనలో పడ్డ రాక్షసుడు వున్నాడే, వాడు పాతకాలం వాడు కాదు! ఆ రిపేరు రోజుల్లో కొత్తగా వచ్చి చేరిన ఆర్టిస్టు. పైగా వాడి నోట్లోంచి చుక్క నీరు కూడా రాదు. నీళ్ళు పోసేవాడే అసలు గార్గాయిల్. ఊరికే కూర్చుని చూసేవాణ్ణి 'కిమేరా' అంటారు. అంటే కష్టపడింది ఒకరు, పోస్టరుకెక్కింది ఇంకొకరు! మన ఫీల్డులో ఇది కొత్తా?

ఆ గూనివాడి వేషాన్ని 1923 మూకీలో లాన్ ఛానీ వేశాడు. 1939లో ఛార్లెస్ లాటన్ వేశాడు. డిస్నీవారు 1996లో కార్టూన్ సినిమా తీసి, గార్గాయిల్స్‌కి మాటలు, పాటలు కూడా ఇచ్చారు. 2019 ఏప్రిల్ 15న ఆ చర్చి కప్పు తగలబడుతుంటే ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎన్నడూ ప్యారిస్ మొహం చూడనివాళ్ళు కూడా! ఎందుకంటే వాళ్ళకి అది రాళ్ళగుట్ట కాదు, కాసిమోడో ఇల్లు. 2024 డిసెంబరులో మళ్ళీ తలుపులు తెరిచారు. ఒక కథకి అంత బలం వుంది సుమండీ!

శ్రీహరికోటలో నిప్పుల నోరు

'ఇదంతా ఫ్రాన్సువాళ్ళ గొడవ, మనకెందుకు?' అంటారా? అయితే సూళ్ళూరుపేట బస్సెక్కండి. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు నీళ్ళ మధ్యగా వెళ్ళే రోడ్డు శ్రీహరికోట దీవికి తీసుకెళ్తుంది. 1971లో ఒక చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన కేంద్రం అది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరిందీ అక్కణ్ణుంచే.

రాకెట్ ఎగరడం చూసేటప్పుడు అందరి కళ్ళూ పైకే వుంటాయి. ఈసారి కిందికి చూడండి. నిప్పంటుకున్న మరుక్షణం రాకెట్ ఇంకా నేలమీదే వుండగా, తెల్లటి పొగ ఒక పక్కకి బుస్సున తన్నుకొస్తుంది. గమనించారా? అది దానంతటదే అలా పోవడంలేదు. ప్రయోగవేదిక కింద ఒక పెద్ద సొరంగం లాంటి దారి కట్టారు. పైనుంచి దూకే మంటని వంపు తిప్పి పక్కకి మళ్ళించి బయటికి వదిలేస్తుంది. అది లేకపోతే ఆ మంట నేలకి కొట్టుకుని తిరిగి రాకెట్ మీదికే లేస్తుంది. చంద్రయాన్-3ని మోసిన రాకెట్ బరువు సుమారు 640 టన్నులు. అంత బరువుని లేపే మంట వెనక్కి తిరిగితే ఇంకేమన్నా వుందా?

చర్చి మీది మృగం నీటిని గోడకి దూరంగా వుమ్మేస్తుంది. శ్రీహరికోట వేదిక నిప్పుని రాకెట్‌కి దూరంగా వుమ్మేస్తుంది. సూత్రం ఒక్కటే. ముప్పుని ఆపలేవు, కానీ దారి మళ్ళించవచ్చు. మంటకి అలవాటు పడిన రువాన్ డ్రాగన్ గొంతు గుర్తొచ్చింది కదూ!

ఇంత లెక్కలు వేసే శాస్త్రజ్ఞులు కూడా ప్రయోగానికి ముందు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుంటారు. రాకెట్ బొమ్మని తిరుమలకి తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెడతారు. దాన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వనీండి. నాకు మాత్రం అందులో తప్పు కనబడదు. నిప్పుని మళ్ళించడానికి కాంక్రీటు వుంది. మనసులో బెదురుని మళ్ళించడానికీ ఏదో ఒకటి వుండాలి కదా! మన పెద్దలు గుళ్ళు కట్టేటప్పుడు ఆ రెండు పనులకీ రాతిలోనే ఏర్పాట్లు చేశారు.

మన్మథుడి జెండా మీది మొసలి

మొదటి ఏర్పాటు నీళ్ళకి. పాత శివాలయంలో గర్భగుడికి ఉత్తరం వైపు గోడ దగ్గర ఆగి చూడండి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి తూము కనబడుతుంది. దాన్ని ప్రణాళం అంటారు. లోపల స్వామికి అభిషేకం చేసిన నీరు, పాలు దానిగుండా బయటికి వస్తాయి. అది ఊరికే గొట్టంలా వుండదు. కొన్ని చోట్ల సింహం నోరు, కొన్ని చోట్ల ఆవు మొహం, ఇంకొన్ని చోట్ల మకరం. మొసలి దవడలు, ఏనుగు తొండం, చేప తోక కలిపిన జంతువు మకరం. గంగమ్మకి వాహనం అదే. మన్మథుడి జెండా మీది గుర్తూ అదే! సుమారు రెండువేల ఏళ్ళ కిందటి అమరావతి స్తూపం శిల్పాల్లో కూడా మకరాలు నోళ్ళు తెరుచుకుని వున్నాయి.

శివాలయంలో ప్రదక్షిణ చేసేవాళ్ళలో తెలిసిన పెద్దలు ఆ తూము దాకా వచ్చి, దాన్ని దాటకుండా వెనక్కి తిరిగిపోతారు. ఆ నీటిదారిని దాటకూడదని నియమం. అంటే నీళ్ళగొట్టానికి కూడా మర్యాద చేసిన జాతి మనది!

పైకప్పు నీళ్ళకీ ఇలాంటి ఏర్పాట్లే వున్నాయి. మండపం చూరు రాయి ముందుకి వంగి, అంచు కిందికి వాలి వుంటుంది. నీరు స్తంభాల మీదికి కారకుండా ముందుకు జారి పడాలని. రాయలసీమ మిద్దె ఇళ్ళ పిట్టగోడల్లోంచి బయటికి చూసే మట్టిగొట్టాలు కూడా ఈ వంశంవే.

రాహువుని వణికించిన మొహం

రెండో ఏర్పాటు చెడుకి. దానికోసం సూళ్ళూరుపేట నుంచి శ్రీకాళహస్తికి పోదాం. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప'లో కృష్ణంరాజు, 2025 'కన్నప్ప'లో మంచు విష్ణు వేసిన కన్నప్ప కథ ఈ క్షేత్రానిదే. రోజూ వేలమంది రాహుకేతు పూజకని వస్తారు. జాతకంలో రాహువు సరిగా లేడనీ, పెళ్ళి కుదరడంలేదనీ, ఉద్యోగం రావడంలేదనీ.

అలా వచ్చినవాళ్ళు ఒక్కసారి గోపురం కొనకేసి చూడాలి. మన దక్షిణాది గోపురం ఏదైనా సరే, పైన రెండు చివర్లా గుడ్లు మిటకరించి, కోరలు చూపిస్తూ ఒక పెద్ద మొహం వుంటుంది. ఒళ్ళుండదు, ఉత్త మొహమే. దాని పేరు కీర్తిముఖం. దాని కథ స్కాంద పురాణంలో వుంది. జలంధరుడనే రాక్షసరాజు, పార్వతిని తనకిచ్చెయ్యమని శివుడి దగ్గరికి దూతని పంపాడు. ఆ దూత ఎవరనుకున్నారు? రాహువు! శివుడికి కోపమొచ్చింది. ఆయన కనుబొమల మధ్యనుంచి ఎముకల గూడులాంటి ఓ భీకరాకారం ఆకలి ఆకలంటూ దూకింది. రాహువు గజగజ వణికి శివుడి కాళ్ళమీదే పడ్డాడు. శరణన్నవాణ్ణి చంపకూడదు కదా, శివుడు వదిలెయ్యమన్నాడు. 'మరి నా ఆకలి సంగతి?' అంది ఆ ఆకారం. 'నిన్ను నువ్వే తిను' అన్నాడు శివుడు. అది మారుమాట్లాడకుండా పాదాల దగ్గర మొదలుపెట్టి, కాళ్ళు, పొట్ట, ఛాతీ అన్నీ తినేసింది. చివరికి మొహం మిగిలింది. అంతటి విధేయతకి శివుడు మెచ్చి, 'నీ పేరు కీర్తిముఖం. నా వాకిట్లో వుండు. నిన్ను చూడకుండా నా దగ్గరికి ఎవరూ రాకూడదు' అని వరమిచ్చాడు.

చూశారా తమాషా! రాహువుకి భయపడి మనం శ్రీకాళహస్తి వెళ్తాం. ఆ రాహువుని వణికించినవాడు గోపురమెక్కి మన తరఫున కూర్చుని వున్నాడు. మనం వాణ్ణి పలకరించకుండానే లోపలికి పోతాం!

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన అక్కడి రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. ముందే పగులు పెరగడం చూసి జనాన్ని ఖాళీ చేయించారు గనక ప్రాణాలు దక్కాయి. అయిదు వందల ఏళ్ళకి దగ్గర పడుతున్న కట్టడం, క్షణాల్లో మట్టిదిబ్బ! కొత్త గోపురాన్ని కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తది బాగానే వుంది. కానీ రాయలవారి కాలం చేతులు చెక్కిన ఆ మొహాలు ఇక రావు కదా.

పుష్పరాజు కట్టిన చీర

రాతి మొహాలు సరే, మనుషులే ఆ వేషం వేస్తే? అదే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర! ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడొకడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆ తల్లి రోజుకో వేషం వేసిందని కథ. అందుకే జాతరలో మగవాళ్ళు బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేసి వీధుల్లో తిరుగుతారు. ఆఖర్న గుడిముందు మట్టితో అమ్మవారి పెద్ద విశ్వరూపం చేస్తారు. తెల్లవారుజామున ఆ మొహం చెంప నరుకుతారు. ఆ మట్టి పెళ్ళల కోసం జనం ఎగబడతారు. ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటారు. ఆ భయంకర రూపంలో ఒక చిటికెడు మట్టి ఇంట్లో వుంటే చాలు, ఏ చెడూ గుమ్మం తొక్కదని నమ్మకం.

2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చేదాకా ఈ జాతర సంగతి చిత్తూరు, తిరుపతి దాటి ఎంతమందికి తెలుసు? అల్లు అర్జున్ చీరకట్టి, ఒంటికి నీలం రంగు పూసుకుని, నిమ్మకాయల దండ వేసుకుని ఆడేసరికి దేశమంతా చూసింది. హ్యూగో నవల ప్యారిస్‌లో చేసిన పనిలో ఒక పాలు, ఆ ఒక్క సీను ఇక్కడ చేసింది. సినిమాని తక్కువగా చూసేవాళ్ళు ఇది కాస్త ఆలోచించాలి!

సిమెంటు మింగిన సింహం

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. ఈ వ్యాసం కోసం తిరుగుతూ ఒక పాత గుడికి వెళ్ళాను. పేరు వద్దు. ఇలాంటివి ఒకటీ రెండూ కావు. అప్పుడే వాన వెలిసింది. మండపం చూరు మీద వరసగా మూడు సింహం నోళ్ళు. మూడింటికీ సిమెంటు కూరేసి వుంది! పక్కన నీలం రంగు ప్లాస్టిక్ గొట్టం ఒకటి పెట్టారు. దాని మూతి గోడకి జానెడు దూరం కూడా లేదు. నీరంతా గోడ వెంబడే కారి, పాచిపట్టి, రాళ్ళ సందుల్లో రావిమొక్కలు మొలిచాయి.

అక్కడ రాళ్ళు సరిచేస్తున్న ముసలి ఉలిపనివాడితో మాట కలిపాను.

"ఎందుకు పెద్దాయనా, వీటి నోళ్ళు మూసేశారు?"

"పిచికలు గూళ్ళు పెడతన్నాయంట నాయనా. తుడిచేదానికి మనిషి లేడు. మూసేసినారు."

"మరి ఈ గొట్టం?"

ఆయన నవ్వాడు. "ఆ సింగం చూడు, మెడ ఎంత బయటికి పెట్టిందో! పెదివి కింద ఏలు పెట్టి చూడు, గాడి వుంటాది. నీళ్ళు ఎనక్కి పాకకుండా ఆడ తెగి కింద పడతాయి. చెక్కినోడు గోడ మీద ప్రేమతో చెక్కినాడు. గొట్టం పెట్టినోడు బిల్లు కోసం పెట్టినాడు."

ఆ వాక్యం మీద నేనింకేమీ రాయలేను. చేతికందే ఎత్తులో వున్న ఒక తూము పెదవి కింద వేలు పెట్టి చూశాను. గాడి వుంది. ఏ వందల ఏళ్ళ కిందటో ఎవరో పేరు చెప్పకుండా పోయిన మనిషి, తను చూడబోని వానల కోసం గీసిన గీత.

ఇక మీ వంతు!

వాషింగ్టన్‌లో ఒక పెద్ద చర్చి వుంది. దాని టవరు కోసం 1980లలో పిల్లలకి బొమ్మల పోటీ పెట్టారు. ఒక కుర్రవాడు 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్ బొమ్మ గీసి పంపాడు. పెద్దలు నవ్వి పక్కన పడెయ్యలేదు. నిజంగానే రాతిలో చెక్కించి పైన పెట్టారు. ఈనాటికీ వాడు అక్కడ వాననీళ్ళని గోడకి దూరంగా జార్చే డ్యూటీలో వున్నాడు! సినిమా పిచ్చి కూడా గుడికి పనికొస్తుందని దీనర్థం.

మన కుర్రకారుని నేనడిగేది అంతకంటే చిన్నదే. మీ వూరి పాత గుడికి వెళ్ళినప్పుడు స్వామి దర్శనమయ్యాక ఇంకో అయిదు నిమిషాలు ఆగండి. ఉత్తరం గోడ దగ్గర, చూరు కింద, గోపురం కొసన ఎన్ని మొహాలున్నాయో లెక్కపెట్టండి. మీ చేతిలో ఫోనుంది, ఫొటోలు తీసి పెట్టుకోండి. గుడికి మరమ్మత్తులు చేస్తున్నారని తెలిస్తే, పని మొదలుపెట్టక ముందే వెళ్ళి పెద్దలతో మర్యాదగా ఒక్క మాట అనండి: 'నోళ్ళు మూయకండి, శుభ్రం చేయించండి' అని. కుంభాభిషేకం అయిపోయి, సున్నాలూ రంగులూ పడ్డాక వెళ్ళి లబోదిబోమంటే లాభంలేదు.

డైరెక్టర్లకీ ఓ మనవి. రాక్షసుల కోటలకి లక్షలు పోసి సెట్లు వేస్తున్నారు. ఒక్క వానాకాలం సాయంత్రం కెమెరా పట్టుకుని నిజమైన గుడికి వెళ్ళండి. రాతి సింహం నోట్లోంచి వాననీరు ధారగా దూకుతుంటే ఒక్క షాటు తియ్యండి. ఆర్టిస్టుకి పారితోషికం ఇవ్వక్కర్లేదు. మేకప్ అక్కర్లేదు. వందల ఏళ్ళుగా గెటప్‌లోనే వున్నాడు. కాల్షీటు అంటారా? వాన పడితే చాలు!